శ్వాసపైనే చూపు: తొలి మహిళా మత్తు వైద్యురాలు రూపాబాయి ఫర్దూన్‌జీ

కద్మా (జంషెడ్‌పూర్), అక్టోబర్ 16: శస్త్రచికిత్సకు ముందు రోగి లేదా బంధువుల చేత సమ్మతి పత్రాలపై సంతకాలు చేయించుకోవడం ఆస్పత్రుల్లో ఆనవాయితీ. ఒక పత్రం ఆపరేషన్‌కు, మరొకటి మత్తు ఇవ్వడానికి. ఆపరేషన్ చేసిన వైద్యుడి పేరును కుటుంబం ఏళ్ల తరబడి తలచుకుంటుంది. మత్తు ఇచ్చిన వైద్యుడి పేరు చాలామందికి ఇల్లు చేరేసరికే గుర్తుండదు. ఆ రెండో పని ఒక ప్రత్యేక వైద్యవిద్య అని ప్రపంచం ఇంకా గుర్తించని రోజుల్లో, హైదరాబాద్‌లో ఒక పార్సీ యువతి దానినే జీవితవృత్తిగా స్వీకరించారు. ఆమె డాక్టర్ రూపాబాయి ఫర్దూన్‌జీ. ప్రపంచంలో తొలి మహిళా మత్తు వైద్యురాలిగా ఆమెను పేర్కొంటారు. నేడు ప్రపంచ అనస్థీషియా దినోత్సవం సందర్భంగా ఆమె జీవితాన్ని, ఆమె కాలంలో వైద్యలోకాన్ని రెండుగా చీల్చిన ఒక ప్రశ్నను స్మరించుకోవడం సముచితం.

నొప్పి పోయింది, భయం మిగిలింది

1846 అక్టోబర్ 16న అమెరికాలోని బోస్టన్ నగరంలో విలియం మోర్టన్ అనే దంతవైద్యుడు ఈథర్ ఆవిరిని పీల్పించి, రోగికి నొప్పి తెలియకుండా శస్త్రచికిత్స జరిపించవచ్చని బహిరంగంగా నిరూపించాడు. అంతకుముందు శస్త్రవైద్యుడి నైపుణ్యానికి కొలమానం వేగమే. రోగిని నలుగురు పట్టుకుని ఉండగా ఎంత త్వరగా పని ముగిస్తే అంత గొప్ప. మోర్టన్ ప్రదర్శన తర్వాత అయిదారు నెలలకే, 1847 మార్చిలో, కలకత్తాలో ఈథర్ వాడకం మొదలైంది. అదే ఏడాది నవంబరులో స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోలో జేమ్స్ యంగ్ సింప్సన్ క్లోరోఫాంను ప్రవేశపెట్టాడు. 1848 జనవరి నాటికి అది కూడా కలకత్తా చేరింది.

భారతదేశపు వేడికి ఈథర్ కంటే క్లోరోఫాం అనుకూలమైంది. సుమారు 35 డిగ్రీల సెల్సియస్ వద్దే ఈథర్ మరిగి ఆవిరైపోతుంది. దక్కన్ వేసవిలో సీసా మూత తీస్తే చాలు, మందు గాలిలో కలిసిపోతుంది. పైగా అది నిప్పుకు భగ్గుమనే పదార్థం. దీపాల వెలుగులో పనిచేసే ఆస్పత్రులకు అదొక పెనుప్రమాదం. క్లోరోఫాం 61 డిగ్రీల వద్ద మరుగుతుంది, సులభంగా అంటుకోదు, కొన్ని చుక్కలతోనే పనిచేస్తుంది.

అయితే క్లోరోఫాం రోగులను చంపగలదని కూడా త్వరలోనే తేలింది. 1848 జనవరి 28న ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్ సమీపంలో హన్నా గ్రీనర్ అనే 15 ఏళ్ల బాలికకు కాలిగోరు తీయడానికి క్లోరోఫాం ఇచ్చారు. కొద్ది నిమిషాల్లోనే ఆమె మరణించింది. ప్రాణాంతకం కాని చిన్న చికిత్సలో, ఆరోగ్యంగా ఉన్న పిల్ల ప్రాణం పోవడం వైద్యులను కలవరపరిచింది. 1853లో విక్టోరియా రాణి ప్రసవ సమయంలో జాన్ స్నో క్లోరోఫాం ఇవ్వడంతో మందుకు ప్రతిష్ఠ పెరిగింది గానీ మరణాలు ఆగలేదు.

గుండెనా, ఊపిరా?

ఆ మరణాలకు కారణమేమిటన్న దానిపై రెండు వాదాలు తలెత్తాయి. ఆవిరి గాఢత పెరిగితే క్లోరోఫాం నేరుగా గుండెను దెబ్బతీస్తుందని జాన్ స్నో భావించాడు. ఆ లెక్కన మత్తు ఇచ్చేవారు రోగి నాడిపై వేలు ఉంచి కూర్చోవాలి. ఎడిన్‌బరో శస్త్రవైద్యుడు జేమ్స్ సైమ్ శిష్యులది మరో దారి. ముందు ఆగేది శ్వాస, ఆ తర్వాతే గుండె అని వారి నమ్మకం. కాబట్టి నాడిని వదిలి ఊపిరిని గమనించాలన్నది వారి పద్ధతి.

ఇది పండితుల మధ్య పొద్దుపోని తర్కం కాదు. మత్తు ఇచ్చే మనిషి చూపు ఎక్కడ నిలపాలి, చేయి ఎక్కడ ఉంచాలి అన్నది ఆ సమాధానం మీదే ఆధారపడి ఉంది. చూపు తప్పు చోట నిలిస్తే ప్రమాదాన్ని ఆలస్యంగా గుర్తిస్తారు. ఆలస్యమైతే రోగి దక్కడు. ఈ వివాదానికి తెర దించాలన్న ప్రయత్నానికి ఆశ్చర్యకరంగా లండన్, ఎడిన్‌బరో కాక హైదరాబాద్ వేదికైంది.

అయిదుగురు విద్యార్థినులు

హైదరాబాద్ వైద్య పాఠశాల 1846లో, అంటే ఈథర్ ప్రదర్శన జరిగిన సంవత్సరంలోనే మొదలైంది. తొలి దశాబ్దాల్లో అక్కడ బోధన ఉర్దూలో సాగేది. 1885లో బ్రిటిష్ రెసిడెన్సీ సర్జన్‌గా హైదరాబాద్ వచ్చిన ఎడ్వర్డ్ లారీ ఈ పాఠశాల బాధ్యతలు చేపట్టాడు. ఆయన ఎడిన్‌బరోలో చదివినవాడు, జేమ్స్ సైమ్ శిష్యుడు. శ్వాసను గమనించాలన్న గురువు మాటను వేదవాక్యంగా పాటించినవాడు.

అదే 1885లో పాఠశాలలో అయిదుగురు మహిళలు చేరారు. వారిలో రూపాబాయి ఒకరు. ఈ చేరిక ఎంత అరుదైనదో ఆనాటి దేశ పరిస్థితిని చూస్తే తెలుస్తుంది. మద్రాసు వైద్య కళాశాల 1875లో మహిళలకు తలుపులు తెరిచింది. ఆనందీబాయి జోషీ అమెరికా వెళ్లి 1886లో వైద్య పట్టా పొందారు. అదే ఏడాది కలకత్తాలో కాదంబినీ గంగూలీ వైద్యురాలిగా అర్హత సంపాదించారు. దేశంలో మహిళా వైద్యులను వేళ్ల మీద లెక్కించగల ఆ రోజుల్లో, నిజాం రాజ్యంలో ఒకేసారి అయిదుగురు యువతులు వైద్యం చదవడానికి కూర్చున్నారు.

మహిళా వైద్యుల అవసరం అక్కడ తక్షణమైనదే. పరదా పాటించే కుటుంబాల స్త్రీలు పురుష వైద్యుడికి నాడి చూపడానికే వెనుకాడేవారు. శస్త్రచికిత్స అంటే ఆ సంకోచం మరింత పెరుగుతుంది. తెలివి తప్పిన స్థితిలో పరపురుషుల మధ్య పడి ఉండవలసి వస్తుందన్న ఊహే చాలామందిని ఆస్పత్రి గడప తొక్కనివ్వలేదు. కాన్పు కష్టమై ప్రాణం మీదికి వచ్చినా ఇల్లు దాటని కుటుంబాలుండేవి. మత్తు ఇచ్చేది ఒక స్త్రీ అన్న భరోసా ఇలాంటి చోట వైద్యానికి దారి తెరుస్తుంది.

490 జంతువులు, ఒక తీర్పు

రూపాబాయి విద్యార్థినిగా ఉన్న కాలంలోనే, 1888లో, లారీ మొదటి హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్‌ను ఏర్పాటు చేశాడు. కుక్కలపై జరిపిన ప్రయోగాల్లో ప్రతిసారీ గుండె కంటే ముందు శ్వాసే ఆగిందని కమిషన్ ప్రకటించింది. లండన్ నుంచి వెలువడే లాన్సెట్ వైద్య పత్రిక ఈ ఫలితాన్ని అంగీకరించలేదు. యూరప్ ప్రయోగశాలల్లో వెల్లడైన విషయాలకు ఇది విరుద్ధంగా ఉందన్నది అభ్యంతరం.

ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ప్రభుత్వం అప్పుడు ఒక అనూహ్యమైన అడుగు వేసింది. సందేహించిన పత్రికకే 1,000 పౌండ్లు ఇచ్చి, తమకు నచ్చిన నిపుణుడిని హైదరాబాద్ పంపి స్వయంగా పరీక్షించుకోమని ఆహ్వానించింది. లాన్సెట్ ఎంపిక చేసిన వ్యక్తి సర్ థామస్ లాడర్ బ్రంటన్. ఛాతీ నొప్పికి అమైల్ నైట్రైట్ పనిచేస్తుందని 1867లో లోకానికి చెప్పిన ప్రముఖ ఔషధ శాస్త్రవేత్త ఆయన. క్లోరోఫాం గుండెను ఆపగలదని నమ్మిన పక్షానికి చెందినవాడు కూడా.

1889 అక్టోబరు నుంచి డిసెంబరు వరకు రెండో కమిషన్ పనిచేసింది. కుక్కలు, గుర్రాలు, కోతులు, మేకలు, పిల్లులు, కుందేళ్లు కలిపి 490 జంతువులపై ప్రయోగాలు జరిగాయి. రక్తపోటును పరికరాలతో నమోదు చేశారు. చివరకు బ్రంటన్ తన పాత అభిప్రాయాన్ని మార్చుకుని, ముందు ఆగేది శ్వాసేనని లండన్‌కు తంతి పంపాడు. రూపాబాయి హకీమ్ పట్టా పుచ్చుకున్నది కూడా ఈ 1889లోనే. ఆనాటి వైద్యలోకం దృష్టి అంతా తాము చదివిన పాఠశాల మీద ఉన్న వేళ ఆమె వైద్యురాలిగా ఆస్పత్రిలో అడుగుపెట్టారు.

టోపీ పట్టిన చేయి

కమిషన్ తీర్పు కాగితంపై ఒక వాక్యం. దాన్ని ప్రతిరోజూ రోగి తలాపున నిలబడి అమలు చేయడం వేరే పని. రూపాబాయి ఎంచుకున్నది ఆ పనినే. 1889 నుంచి 1917 వరకు, అంటే 28 ఏళ్లపాటు, ఆమె హైదరాబాద్‌లో మత్తు వైద్యురాలిగా పనిచేశారు. నేడు సుల్తాన్ బజార్ ఆస్పత్రిగా పిలుస్తున్న బ్రిటిష్ రెసిడెన్సీ ఆస్పత్రి, ఉస్మానియా ఆస్పత్రికి పూర్వరూపమైన అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి, స్త్రీల కోసం ఏర్పడిన విక్టోరియా జనానా ఆస్పత్రి ఆమె సేవలు పొందాయి.

ఆ రోజుల్లో యంత్రాలు లేవు. గొంతులోకి పంపే గొట్టం లేదు, ప్రాణవాయువు సిలిండర్ లేదు, గుండె లయను చూపే తెర లేదు. లారీ పద్ధతిలో ఉన్నదల్లా పైన తెరిచి ఉన్న ఒక గుడ్డ టోపీ, సీసాలో క్లోరోఫాం, మత్తు ఇచ్చేవారి కళ్లు, చెవులు, చేతులు. హైదరాబాద్ కమిషన్ నియమాల ప్రకారం రోగిని వెల్లకిలా పడుకోబెట్టాలి. మెడకు, ఛాతీకి, నడుముకు బిగుతైన బట్టలు ఉండరాదు. టోపీని ముఖానికి దగ్గర చేసి గాలితోపాటే మందు అందేలా చూడాలి. ఊపిరి బిగబట్టనివ్వకూడదు, ఎందుకంటే బిగబట్టిన తర్వాత తీసే పెద్ద ఊపిరితో మందు ఒక్కసారిగా లోపలికి పోతుంది. ఊపిరి ఏమాత్రం తడబడినా టోపీ తీసి, గడ్డాన్ని పైకెత్తి, గాలి దారిని తెరవాలి. అవసరమైతే కృత్రిమ శ్వాస కల్పించాలి. రోగి పూర్తిగా మత్తులోకి జారుకున్న తర్వాతే కత్తి పెట్టాలి.

ఈ నియమాల్లో ఒకటి అన్నింటికంటే ముఖ్యం. మత్తు ఇచ్చేవారికి శ్వాసను కాపాడడం తప్ప వేరే పని ఉండరాదు. ఆనాటి ఎన్నో ఆస్పత్రుల్లో క్లోరోఫాం సీసాను చేతికి దొరికిన విద్యార్థికో, సహాయకుడికో అప్పగించేవారు. వారి ధ్యాస సహజంగానే శస్త్రవైద్యుడి కత్తి మీద ఉండేది. శిక్షణ పొందిన ఒక వైద్యురాలు ఏళ్ల తరబడి కోత వైపు చూడక రోగి ముఖాన్నే చూస్తూ కూర్చోవడం అప్పటికి కొత్త. ఒక వైద్యశాఖ పుట్టుక ఆ కూర్చోవడంలోనే ఉంది.

సముద్రం దాటిన చదువు

1908 సెప్టెంబర్ 28న మూసీ నదికి వచ్చిన వరద హైదరాబాద్‌ను అతలాకుతలం చేసింది. నది ఒడ్డున ఉన్న అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి కూలిపోయింది. ఆస్పత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారన్నది నగర చరిత్రలో నిలిచిన విషయం. తర్వాతి కాలంలో అక్కడే ఉస్మానియా ఆస్పత్రి భవనం వెలిసింది.

వరద వచ్చిన మరుసటి ఏడాది, 1909లో, రూపాబాయి ఉన్నత విద్య కోసం ఎడిన్‌బరో వెళ్లారు. వైద్యురాలిగా పని మొదలుపెట్టి అప్పటికి 20 ఏళ్లు. మత్తు వైద్యంలో ప్రత్యేక డిగ్రీ అనేది అప్పటికి ఎక్కడా లేదు. ఇంగ్లండ్‌లో ఆ విషయంలో తొలి డిప్లొమా పరీక్ష జరిగింది 1935లో. అందుకే ఆమె భౌతిక, రసాయన శాస్త్రాలను చదివారు. ఆవిర్లు, వాయువులు, వాటి గాఢత, ఉష్ణోగ్రతను బట్టి వాటి ప్రవర్తన తెలియకుండా మత్తు మందులపై పట్టు రాదని గ్రహించిన వ్యక్తి చేసే ఎంపిక అది. సింప్సన్ క్లోరోఫాంను ప్రవేశపెట్టిన నగరం, సైమ్ బోధించిన నగరం, తన గురువు లారీ చదివిన నగరం ఎడిన్‌బరో. అక్కడి నుంచి హైదరాబాద్ వచ్చిన విద్యకు మూలాన్ని వెతుక్కుంటూ హైదరాబాద్ వైద్యురాలు అక్కడికి వెళ్లారు. తిరిగి వచ్చి పాత విధుల్లోనే కొనసాగారు.

తీర్పులో సగం నిజం

రూపాబాయి వృత్తిలో ఉండగానే హైదరాబాద్ తీర్పుకు ఎదురుదెబ్బ తగిలింది. 1911లో లండన్‌లో గుడ్‌మన్ లెవీ అనే వైద్యుడు పిల్లులపై చేసిన ప్రయోగాల్లో, క్లోరోఫాం తేలికగా ఇచ్చిన దశలో గుండె లయ తప్పి ఉన్నట్టుండి ఆగిపోగలదని నిరూపించాడు. భయంతో శరీరంలో ఎడ్రినలిన్ పెరిగినప్పుడు ఆ ప్రమాదం ఎక్కువ. హన్నా గ్రీనర్ వంటి భయపడిన పిల్లలు చికిత్స ఆరంభంలోనే ఎందుకు మరణించారో ఇది వివరించింది. గుండె ఎప్పుడూ ముందు ఆగదన్న కమిషన్ మాట తప్పని తేలింది. మరోవైపు క్లోరోఫాం కాలేయాన్ని ఆలస్యంగా దెబ్బతీస్తుందన్న సంగతి కూడా బయటపడింది. 20వ శతాబ్దం మధ్యనాటికి ఆ మందు ఆపరేషన్ గదుల నుంచి దాదాపుగా కనుమరుగైంది.

మరి హైదరాబాద్‌లో జరిగిన పనికి విలువ లేదా? ఇక్కడ సిద్ధాంతాన్నీ ఆచరణనూ వేరు చేసి చూడాలి. రోగి పూర్తిగా మత్తులోకి వెళ్లేవరకు కత్తి పెట్టరాదన్న హైదరాబాద్ నియమం, తర్వాత లెవీ ప్రమాదకరమని చూపిన తేలిక మత్తులో శస్త్రచికిత్స మొదలుకాకుండా అడ్డుకుంది. ఊపిరిని క్షణం కూడా వదలక గమనించాలన్న నియమం అతి మోతాదు ప్రమాదాన్ని తొలి దశలోనే పట్టించింది. కారణాన్ని సగమే గ్రహించినా, రోగిని కాపాడే అలవాట్లు మాత్రం చాలావరకు సరైనవే. అలవాట్లను నిలబెట్టేది మనుషులు. రూపాబాయి 28 ఏళ్ల పనిని ఈ కోణంలోనే అంచనా వేయాలి.

తొలి మహిళ ఎవరన్న విషయంలోనూ ఒక వివరణ అవసరం. అమెరికాలో సిస్టర్ మేరీ బెర్నార్డ్ అనే క్రైస్తవ సన్యాసిని అంతకుముందే నర్సుగా మత్తు ఇచ్చారు. నర్సు మత్తు నిపుణుల పరంపర ఆమెతో మొదలైందని చెబుతారు. వైద్య పట్టా పొంది, మత్తునే వృత్తిగా చేసుకున్న మహిళల్లో తొలి స్థానం రూపాబాయిది.

నేటి పరిశోధన, నాటి ప్రశ్న

ఏ పద్ధతి రోగికి క్షేమం అన్న ప్రశ్న నేటికీ సజీవంగానే ఉంది. అడిగే తీరు మారింది. వందలాది జంతువుల బదులు, సమ్మతి తెలిపిన వేలాది రోగులను చీటీ తీసినట్టు రెండు వర్గాలుగా విభజించి ఫలితాలు పోలుస్తున్నారు. తుంటి ఎముక విరిగిన 1,600 మందిపై అమెరికా, కెనడాల్లో జరిగిన రీగెయిన్ అధ్యయనం 2021లో వెలువడింది. వెన్నులో సూదిమందు ఇచ్చినవారిలో 18.5 శాతం, పూర్తి మత్తు ఇచ్చినవారిలో 18 శాతం మంది 60 రోజుల నాటికి మరణించడమో, సొంతంగా నడవలేకపోవడమో జరిగింది. అంటే రెండింటి మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. వృద్ధుల్లో ఆపరేషన్ అనంతరం వచ్చే మతిభ్రమపై చైనాలో 950 మందితో జరిగిన రాగా అధ్యయనం కూడా 2022లో ఇలాంటి ఫలితాన్నే ఇచ్చింది. తగిన శిక్షణ, నిరంతర పర్యవేక్షణ ఉన్నచోట రెండు పద్ధతులూ రోగికి అందుబాటులో ఉన్న మంచి దారులేనని వైద్యులు దీన్ని అర్థం చేసుకుంటున్నారు.

ఆ పర్యవేక్షణలో రూపాబాయి నాటి చూపు యంత్రరూపం దాల్చింది. వేలికి తగిలించి రక్తంలో ప్రాణవాయువును చూపే పల్స్ ఆక్సిమీటర్ సూత్రాన్ని జపాన్‌కు చెందిన తకువో అయోయాగి 1974లో వెల్లడించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ప్రకటించిన శస్త్రచికిత్స భద్రతా జాబితాలో, మత్తు ఇవ్వకముందే ఈ పరికరం పనిచేస్తోందో లేదో సరిచూడాలన్నది ఒక అంశం. రోగి వదిలే గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కొలిచే క్యాప్నోగ్రఫీ, ప్రతి శ్వాసను తెరపై అలగా చూపుతుంది. శ్వాసమార్గ ప్రమాదాలపై 2011లో బ్రిటన్‌లో వెలువడిన జాతీయ నివేదిక, ఇంటెన్సివ్ కేర్ విభాగాల్లోని మరణాలు, తీవ్ర మెదడు నష్టాల్లో ఎక్కువ శాతానికి ఈ పరికరాన్ని వాడకపోవడం దోహదం చేసి ఉండవచ్చని గుర్తించింది. గుండె లయను చూపే ఈసీజీ కూడా పక్కనే ఉంటుంది. నాడి పక్షం, ఊపిరి పక్షం రెండూ ఒకే తెర మీద రాజీపడ్డాయి.

అనస్థీషియా అన్న పేరును 1846లో ఆలివర్ వెండెల్ హోమ్స్ సూచించాడు. గ్రీకు మూలంలో దాని అర్థం స్పర్శజ్ఞానం లేకపోవడం. తెలుగులో మత్తు అన్న మాటే జనంలో స్థిరపడింది. మద్యానికీ వర్తించే ఆ మాటలో తెలివి తప్పించడమనే అర్థమే వినిపిస్తుంది. తెలివి వచ్చేవరకు కనిపెట్టుకుని ఉండడమనే బాధ్యత వినిపించదు. మత్తు వైద్యుల పని జనానికి అంతగా తెలియకపోవడానికి ఇదీ ఒక కారణం కావచ్చు.

ఉక్కు కర్మాగారం పనుల కోసం వచ్చిన తెలుగు కుటుంబాలు తరతరాలుగా స్థిరపడిన జంషెడ్‌పూర్‌లోనైనా, తెలుగు రాష్ట్రాల్లోని ఏ పట్టణంలోనైనా, ఆపరేషన్‌కు ముందు మత్తు వైద్యులు అడిగే ప్రశ్నలు ఒక్కటే. చివరిసారి ఎప్పుడు తిన్నారు, ఏ మందులు వాడుతున్నారు, గతంలో మత్తు ఇచ్చినప్పుడు ఇబ్బంది కలిగిందా, ఉబ్బసం ఉందా, పళ్లు కదులుతున్నాయా, పొగాకు, మద్యం అలవాటుందా? చాలామంది వీటిని లాంఛనంగా భావించి ముక్తసరిగా జవాబిస్తారు, కొన్ని దాస్తారు. కడుపు నిండుగా ఉన్న రోగికి మత్తులో వాంతి అయితే అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. దాచిన ఒక్క అలవాటు మోతాదు లెక్కను తప్పించవచ్చు. ఆ ప్రశ్నలన్నీ అంతిమంగా శ్వాసను కాపాడడం కోసమే.

పార్సీ పారిశ్రామికవేత్త జంషెడ్‌జీ టాటా పేరు 1919లో ఈ ఉక్కు నగరానికి స్థిరపడింది. అదే సమాజానికి చెందిన రూపాబాయి పేరును మాత్రం ఆమె సేవలందించిన నగరంలోనూ తెలిసినవారు తక్కువ. హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్ పేరు వైద్య గ్రంథాల్లో నిలిచింది. లారీ, బ్రంటన్‌ల పేర్లు దానితోపాటు నిలిచాయి. వారి నియమాలను రోగి తలాపున 28 ఏళ్లు అమలు చేసిన వైద్యురాలికి వైద్య విద్యార్థుల పాఠాల్లోనూ, ఆమె పనిచేసిన ఆస్పత్రుల గోడల మీదా చోటు దక్కడం న్యాయం.